కైలాస ప్రదక్షిణము: భారమెవరిది?

టిబెట్టులోని కైలాస పర్వతమును ఎవరును ఎక్కరు. దాని ఎత్తు సుమారు 6,638 మీటర్లు. అంతకంటె ఎత్తైన శిఖరములు ఆసియాఖండములో వందలకొలది కలవు; వాటిలో అనేకములను మానవుడు జయించితినని చెప్పుకొనుచున్నాడు. కైలాస శిఖరముపై మాత్రము ఎవరైనను కాలుమోపినట్లు నమ్మదగిన దాఖలా లేదు. హిందువులకు అది శివుని నివాసము. జైనులకు ఋషభదేవుడు నిర్వాణమొందిన అష్టాపదము. టిబెట్టు బౌద్ధులకు చక్రసంవరుని స్థానము. బోన్ మతస్థులకు తమ ధర్మమునకు మూలపీఠము. ఈ నాలుగు మతములవారును ఆ పర్వతమునకు చేయు పూజ ఒక్కటే. అది చుట్టు తిరుగుట.

ఆ ప్రదక్షిణము సుమారు 52 కిలోమీటర్లు. దక్షిణమున దార్చెన్ అను ఊరివద్ద మొదలై, పడమటి లోయవెంబడి ఉత్తరమునకు పోయి, దోల్మా కనుమనెక్కి దిగి, తూర్పు లోయమీదుగా మరల దార్చెన్‌కే చేరును. దార్చెన్ సుమారు 4,600 మీటర్ల ఎత్తున నున్నది; కనుమ ఎత్తు సుమారు 5,630 మీటర్లు. భారతదేశపు యాత్రికులు సాధారణముగా దీనిని మూడు దినములలో ముగింతురు. మొదటి రాత్రి శిఖరపు ఉత్తరముఖమునకు ఎదురుగా దిరాపుక్‌లోను, రెండవ రాత్రి జుతుల్‌పుక్‌లోను మజిలీ. టిబెట్టు పల్లెవాసులలో పలువురు వేకువకు ముందే బయలుదేరి ఒక్క దినములోనే చుట్టివచ్చుదురు. తోలుపట్టాలు కట్టుకొని, అడుగడుగునకు సాష్టాంగపడుచు వారములకొలది సాగువారును కలరు. ఈ త్రోవను పదమూడవ శతాబ్దములో గోత్సంగ్‌పా అను బౌద్ధయతి కనుగొనెననియు, ఒక ఆడ జడలబర్రె ముందు నడచి ఆయనకు దారి చూపెననియు ఐతిహ్యము. దిరాపుక్ అను పేరులో ఆ జంతువు కొమ్మును, ఆయన తపస్సు చేసిన గుహయు రెండును కలవు. ఆ మార్గమునకు తొలి మార్గదర్శి బరువులు మోయు జంతువగుట గమనింపదగినది.

భారతప్రభుత్వపు ఏర్పాటుతో కైలాస మానససరోవర యాత్ర 1981లో లిపులేఖ్ కనుమ మీదుగా మొదలైనది. నాథులా మార్గము 2015లో తెరచిరి. 2020 నుండి నిలిచిపోయిన ఈ యాత్ర 2025లో మరల సాగినది. మునుపు ధార్చులా దాటిన పిదప దినములకొలది కాలినడక. 2020 మే నెలలో లిపులేఖ్ వైపు మోటారుదారి ప్రారంభమైన తరువాత ఆ నడక చాల తగ్గినది. దోల్మా కనుమను మాత్రము మోటారు దాటలేదు. దానిని కాళ్లతోనే దాటవలెను. అవి యాత్రికుని కాళ్లు కావచ్చును, గుర్రపు కాళ్లు కావచ్చును.

ధర్మవిచారమునకు తావిచ్చునది సరిగా ఇచ్చటనే.

మూడు దినముల కొండనడకకు సామగ్రి కావలెను. ఉన్నిబట్టలు, వానకోటు, మందులు, నీళ్లు, ఎండుఫలములు, పూజాద్రవ్యములు, విభూతి, ఛాయాచిత్రపు పెట్టె, దాని బ్యాటరీలు, ఇరుగుపొరుగువారు తమ పేరున అర్పింపుమని యిచ్చిన వస్త్రములు. ఇవన్నియు ఒక సంచిలో చేరును. సముద్రమట్టమున వీచు గాలి పీడనములో దోల్మా కనుమపై ఉండునది సుమారు సగము. అచ్చట ఖాళీచేతులతో పది అడుగులు వేయుటకే ఊపిరి చాలదు. కావున ఒక కూలీని కుదుర్చుకొందురు. సంచి యాత్రికుని వీపునుండి కూలీ వీపునకు మారును. యాత్రికుడు తేలికపడినానని సంతసించును. సంచి మాత్రము తేలికపడలేదు. పర్వతప్రయాణములో బరువు నశించునది కాదు. ఒక వీపునుండి మరియొక వీపునకు మారుచుండును. బల్లకూర్చుండి చేయు విచారములో మరుగుపడు ఈ సత్యము కనుమదారిలో కంటికి కట్టినట్లగుపడును.

ఇక పుణ్యపు లెక్క. ఒక్క ప్రదక్షిణము చేసిన ఒక జన్మపు పాపము నశించుననియు, నూట యెనిమిది చేసిన అదే జన్మలో ముక్తి లభించుననియు టిబెట్టువారి విశ్వాసము. వారి పంచాంగములో గుర్రపు సంవత్సరమున చేసిన ఒక్క ప్రదక్షిణము పన్నెండింటితో సమమని కొందరు, పదమూడింటితో సమమని కొందరు అందురు. 2014 అట్టి సంవత్సరము. దాని తరువాతిది 2026. ఈ లెక్కను నిజమని నమ్మినచో ఒక చిక్కు వచ్చును. ఏటేట యాత్రాకాలములో పరుల సంచులు మోయుచు అనేక పర్యాయములు ఆ కనుమను దాటు కూలీకి ఎంత పుణ్యము? కూలిడబ్బు తీసికొనెను గనుక అతనికి లేదందురా? అట్లయిన ధనమిచ్చి పర్యటన సంస్థ ఏర్పరచిన గుడారములో పరుండి, గుర్రముపై కూర్చుండి తిరిగినవానికి ఎట్లు వచ్చును? నడచినవానికే పుణ్యమందురా? అప్పుడు గుర్రమునకు రావలెను. మనసులోని భక్తియే ప్రధానమందురా? అది సబబైన మాట. కాని ఆ కూలీయును పలుమారు భక్తుడే. జెండాలు కట్టిన తావున అతడు తలవంచి మంత్రము జపించుచునే బరువు మోయుచున్నాడు. ఏ త్రోవన పోయినను యాత్రికుని పుణ్యపు పద్దులో కూలీ పేరు తప్పించుకొనుటకు వీలులేదు.

దోల్మా కనుమ దిగినంతనే ఎడమవైపు కాదు, కుడివైపు పల్లములో గౌరీకుండము కానవచ్చును. త్రోవనుండి దానికి దిగుట నిట్రము, రాళ్లు జారునట్టిది. అలసిన యాత్రికులు కొందరు కొంత పైకమిచ్చి తీర్థము తెచ్చుటకు కూలీని దింపుదురు. తెచ్చిన నీటిని ఇంటికి వచ్చి బంధువులకు పంచుదురు. ఆ నీరు ఎవరు తెచ్చిన తీర్థము?

పన్నెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడును ఆయన కాలపు శరణులును ఇట్టి ప్రశ్నలనే మరియొక రూపమున అడిగిరి. ఇష్టలింగమును దేహముపై ధరించినవానికి దేహమే ఆలయము. అతడు దైవమును వెదకుచు దూరదేశములకు పోనక్కరలేదు. నిలిచియుండు స్థావరముకంటె చలించు జంగమమే వారికి పూజ్యము. చేయు పనినే కైలాసముగా తలచినవారు వారు. మరణించిన పిదప చేరదగిన దూరలోకము కైలాసమను భావమును వారు మార్చివేసిరి. ఆ దృష్టితో చూచినచో భూమిమీద కైలాస పర్వతముకంటె పెద్ద స్థావరము వేరొకటి లేదు. దాని చుట్టు పరుల వీపుపై బరువు పెట్టి తిరుగువాడు చేయునదేమి? స్థావరమునకు ప్రదక్షిణము చేయుచున్నాడు. ఆ చలించు ప్రాణికి మూట కట్టుచున్నాడు. జంగమమను మాటకు సంప్రదాయమున ప్రత్యేకార్థము కలదు, అది సంచారియైన గురుస్వరూపము. ప్రతి కూలీయు జంగముడని శాస్త్రము చెప్పదు. కాని చలించు మానవునియందు శివుని చూడలేనివాడు చలింపని శిలయందు చూచుచున్నాననుట ఎంతవరకు నిలుచునో ఆలోచింపదగును.

ఇట్లనినంతమాత్రమున శరణులు కొండలకు పోరాదనిరని కాదు. అక్కమహాదేవియు, అల్లమప్రభువును శ్రీశైలపు కదళీవనమును చేరిరని సంప్రదాయము. మన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమును ప్రత్యేకముగా రచించి శ్రీశైలయాత్రను విస్తరించెను. నేటికిని ఉగాదికి కన్నడదేశమునుండి వేలకొలది భక్తులు నల్లమల అడవులగుండ కాలినడకన మల్లికార్జునుని చేరుచున్నారు. వారిలో అధికులు తమ మూటను తామే మోయుదురు; త్రోవలోని పందిళ్లలో అన్నము, నీరు, కాళ్లకు నూనె లభించును. యాత్ర తప్పు కాదు. యాత్రలో ఎవరు ఎవరిని ఎట్లు చూచుచున్నారనునదే విచారణీయము.

కూలీనిగూర్చి యాత్రికులు తరచుగా చెప్పు మాట యొకటి కలదు: "వారికి అలవాటే కదా." వినుటకు సామాన్యమైన మాట. దానిలో ఎంత నిజమో, ఎంత అనుకూలమైన అబద్ధమో విడదీయవలెను. టిబెట్టువారి రక్తము పలుచని గాలికి అనువుగా నుండుటకు కారణమైన జన్యువిశేషమును శాస్త్రజ్ఞులు 2010లో గుర్తించిరి. మైదానమువాడు ఎత్తునకు పోయినచో రక్తము చిక్కబడును. వారికి అట్లు కాదు. ఇంతవరకు ఆ మాట నిజము. అయితే ఆ జన్యువు ఊపిరికి సంబంధించినది. మోకాలికి, వెన్నెముకకు సంబంధించినది కాదు. నడుముపై నిలుచు బరువునకు ఏ జాతివానికిని పుట్టుకతో అలవాటు రాదు. అంతేకాదు, హిమాలయ మార్గములలో బరువులు మోయు కూలీలందరు ఎత్తైన చోట్ల పుట్టినవారు కారు. నేపాళములో పలువురు పల్లపు గ్రామముల రైతులు. పొలముపని లేని నెలలలో కూలికి వచ్చుదురు. ఎత్తువలన కలుగు తలనొప్పి, వాంతి, ఊపిరితిత్తులలో నీరు చేరుట, మెదడు వాచుట, ఇవి యాత్రికునికి వచ్చినట్లే వారికిని వచ్చును. యాత్రికుడు చెప్పుకొనును, కూలి పోవునను భయమున వారు చెప్పుకొనరు. భేదమంతయు అందున్నది.

"అలవాటే" అనుమాట కొండదారికి కొత్తది కాదు. చెప్పులు కుట్టువానికి తోలువాసన అలవాటే, బట్టలుతుకువానికి చలినీరు అలవాటే, పడవ నడుపువానికి ఎండ అలవాటే అని లోకమనుచుండగా, ఆ చెప్పులు కుట్టు హరళయ్యను, బట్టలుతుకు మడివాళ మాచయ్యను, పడవ నడుపు అంబిగర చౌడయ్యను సరిసమానులుగా కూర్చుండబెట్టిన సభ కల్యాణములోని అనుభవమంటపము. ఒకరి కష్టమును అలవాటని పిలిచినప్పుడు ఆ కష్టమునకు మనము బాధ్యులము కామని చెప్పుకొనుచున్నాము. ఆ మాటకు గల ఉపయోగము అదియే.

1998 ఆగస్టులో, ఇప్పటి ఉత్తరాఖండములోని పిథోరాగఢ్ జిల్లాలో, కాళీనదీతీరమున మాల్పా అను మజిలీపై అర్ధరాత్రి కొండచరియ విరిగిపడినది. రెండువందలమందికి పైగా మరణించిరి. వారిలో కైలాసయాత్రికులు సుమారు అరువదిమంది. తక్కినవారిలో గ్రామస్థులు, మోతకూలీలు, గుర్రపువారు, భద్రతాదళమువారు ఉండిరి. దేశమంతట ఆ వార్త యాత్రికుల దుర్ఘటనగా తెలిసినది. నేటికిని అట్లే జ్ఞప్తియందున్నది. యాత్రికుల మరణము చిన్నదని కాదు. ఆ రాత్రి ఒకే కొండక్రింద ఒకే పనిమీద నిద్రించినవారిలో ఎక్కువమంది ఆ పేరులో చేరకపోవుట కొంత ఆలోచనకు తావిచ్చును.

కావున ఎవరి బరువు వారే మోయవలెనను తీర్పు కొందరికి సులభముగా తోచును. పాశ్చాత్యదేశములలో పర్వతపాదచారులకు అది నియమము వంటిది; గుడారము, పడక, వంటగిన్నె, వారపు తిండి అన్నియు తన వీపుసంచిలోనే. దీనిలో మెచ్చదగినది చాల కలదు. తాను మోయవలసినదని తెలిసినవాడు అవసరమును అనవసరమును వేరుచేయుట శీఘ్రముగా నేర్చును. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అను వృద్ధురాలు, పదకొండుమంది బిడ్డల తల్లి, 1955లో తన అరువదియేడవ యేట మూడువేల కిలోమీటర్లకు మించిన అపలేచియను కొండదారిని ఒంటరిగా నడచెను. ఆమె తెచ్చుకొన్నది తాను స్వయముగా కుట్టుకొన్న ఒక భుజపుసంచి, వానకు స్నానపుగది తెర, కాళ్లకు గుడ్డబూట్లు. ఆ పర్వతమార్గముల కథ విన్నవారికి మన ఆయ్దక్కి లక్కమ్మ జ్ఞాపకమునకు రాక మానదు. రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట భర్త మారయ్య కాయకము. ఒకనాడు అతడు రోజుటికంటె హెచ్చు తెచ్చెను. ఆమె సంతోషింపలేదు. ఈ అదనము మనది కాదు, తిరిగి అచ్చటనే వేసిరమ్మని పంపెను. ఆ చేటలోని అదనపు గింజయు, కనుమదారి సంచిలోని అదనపు కోటును ఒక్కటే. ఎవరో ఒకరు దానిని మోయుచుండవలెను.

అయితే తన మూట తానే మోసికొన్నంతమాత్రమున ఋణము తీరదు. దారి వేసినవారు, వంతెన కట్టినవారు, మజిలీలో మంచుకరగించి టీ ఇచ్చినవారు ఉండనే యుందురు. ఎవరికిని ఏమియు బాకీపడలేదను గర్వము దాసోహభావమునకు చాల దూరము. పైగా అరువదిదాటిన తల్లి, మోకాళ్లు నొచ్చు తండ్రి, ఉబ్బసమున్నవాడు కైలాసమును చూడగోరినచో వారు స్వయముగా మోయలేరు. వారిని వలదనుట ధర్మము కాదు. మరియొక సంగతి: ఆ ప్రాంతపు కుటుంబములకు యాత్రాకాలపు కూలి సంవత్సరపు ఆదాయములో ముఖ్యభాగము కావచ్చును. అందరును తమ మూటలను తామే మోసిన అక్కడి పొయ్యిలో పిల్లి లేవదు. కరుణపేరిట పని తీసివేయుట కాయకమును గౌరవించుట కాదు.

మోళిగె మారయ్య కథ ఇచ్చట పనికివచ్చును. కాశ్మీర దేశపు రాజు రాజ్యము విడిచి భార్య మహాదేవితో కల్యాణమునకు వచ్చి, కట్టెలమోపు తలపై మోసి అమ్మి జీవించెనని శరణుల చరిత్రలు చెప్పును. మోళిగె యనగా కట్టెలమోపే. మంచుకొండల దేశమునుండి వచ్చినవాడు మోపరియై శరణుడాయెను. బసవేశ్వరుడు ఆ దంపతుల పేదరికము చూచి, మారయ్య లేనప్పుడు వారి ఇంట ధనము రహస్యముగా ఉంచిరాగా, మారయ్య దానిని తనకొరకు ఉంచుకొనక జంగములకు పంచెననియు అందురు. ఈ కథలో మోపు సిగ్గుచేటు కాదు. మోపు మోయువాడు దయకు పాత్రుడును కాడు. అతనికి కావలసినది తన మోపునకు తగిన వెల, తనకు తగిన మర్యాద. భిక్ష కాదు. యాత్ర ముగిసిన పిదప కన్నీళ్లతో కూలీకి పాతకోటు నిచ్చి ఛాయాచిత్రము తీయించుకొనువారు దీనిని ఆలోచింపవలెను. ఆ కోటు మొదటి దినముననే, దోల్మా ఎక్కకమునుపే, అతనికి ఉన్నదో లేదో అడిగియుండిన బాగుండెడిది.

తగిన వెల యనగా ఏమి? కూలి ఒక భాగము మాత్రమే. పెరూ దేశములో ఇంకా మార్గమున కూలీ ఇరువది కిలోలకు మించి మోయరాదని 2001లో చట్టము చేసిరి. అట్టి చట్టము లేనిచోట యాత్రికుని మనసే చట్టము కావలెను. రాత్రి యాత్రికుడు గుడారములో నుండగా కూలీ ఎచ్చట పరుండెను? అతని వేళ్లకు చేదొడుగులు, కన్నులకు నల్లద్దములు కలవా? మంచుపై ఎండ పడినచో కన్నులు కాలును, అది అందరికిని ఒక్కటే. అన్నిటికంటె ముఖ్యము: అతనికి జబ్బుచేసినచో ఏమి చేయుదురు? ఎత్తుజబ్బునకు నమ్మదగిన మందు క్రిందికి దించుట. అదియు ఆలస్యము లేకుండ. యాత్రికునికి తల తిరిగినచో జట్టు నిలుచును, ప్రాణవాయువు సీసా వచ్చును, గుర్రము వచ్చును. కూలీకి తల తిరిగినచో కూలి లెక్కగట్టి యిచ్చి, ఒంటరిగా వెనుకకు పొమ్మందురు. ఎత్తుజబ్బుతో తూలువానిని ఒంటరిగా పంపుట అతనిని చంపుటతో సమానమని పర్వతవైద్యులు పలుమారు హెచ్చరించిరి.

ఇచ్చట ప్రదక్షిణమార్గపు స్వభావమొకటి తోడగును. శిఖరమెక్కువాడు శిఖరమును చేరకున్న ఓడినాననుకొనును. ప్రదక్షిణమునకు శిఖరము లేదు; బయలుదేరిన చోటికే రావలెను. దిరాపుక్‌నుండి వెనుకకు దిగినవాడును, కనుమ దాటి వచ్చినవాడును చేరునది దార్చెన్‌కే. పుణ్యపు లెక్కను నమ్మువారికి సగములో తిరుగుట నష్టముగా తోచును. బరువు మోయుచు వచ్చినవాని ప్రాణము నిలుపుటకు తిరిగివచ్చిన యాత్రికునికి నష్టమేమియు లేదు. శరణధర్మము చదివినవారికి దీనిపై సంశయముండరాదు.

ఆ త్రోవలో బోన్ మతస్థులు అందరికి ఎదురుదిశలో, ఎడమవైపుగా తిరుగుదురు. ఒకే దిశలో పోవువారు ఒకరి వీపు నొకరు చూచుచు పోదురు. ఎదురుగా వచ్చువారి ముఖము మాత్రమే కనబడును. యాత్రికుడు తన కూలీ ముఖమును చూచునది చాల తక్కువ, ఏలయన అతడు ఎల్లప్పుడు ముందుండును. మూడు దినములు కలిసి నడచి, దార్చెన్‌లో సంచి దించినప్పుడు పేరు తెలియనివారు అనేకులు.

కైలాసమునకు పోగలవారు కొందరే. కేదారమునకు పోవువారు మన కుటుంబములలో చాలమంది. వైరాగ్యసింహాసనమున్న ఊఖీమఠము వీరశైవ పంచపీఠములలో నొకటి; కేదారనాథ ఆలయపు రావల్ కన్నడదేశపు వీరశైవ జంగముడు. గౌరీకుండ్ గ్రామమునుండి ఆలయమునకు సుమారు పదునారు కిలోమీటర్ల ఎక్కుడు. 2022 యాత్రాకాలములో ఆ దారిని అలసటతో కూలిన గుర్రములు, కంచరగాడిదలు అనేకములు మరణించి, వ్యవహారము ఉత్తరాఖండ ఉన్నత న్యాయస్థానము వరకు పోయినది. భక్తులను జట్టుగా తీసికొనిపోవు మఠములు ఈ విషయములో చేయగలిగినది కలదు. బయలుదేరుటకు వారము ముందు ప్రతి సంచిని మఠములోనే త్రాసున తూచవచ్చును. ఒక మనిషికి ఇన్ని కిలోలని ముందే నిర్ణయించి, మించినదానిని అచ్చటనే విప్పించవచ్చును. కూలీల బట్టలకు, మందులకు, వారిని క్రిందికి దించుటకు అగు ఖర్చును యాత్రఖర్చులోనే చేర్చి, భక్తులకు ముందుగా తెలుపవచ్చును. నడవగలవారు గుర్రమెక్కకుండ, నడవలేనివారికే గుర్రమును విడువవచ్చును. సాయంకాలపు ప్రసాదపు పంక్తిలో మోతవారిని, గుర్రపువారిని తొలి వరుసలో కూర్చుండబెట్టుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.